నైరుతి మూలన గన్ సేఫ్

అమెరికాలో, మా ప్లేనో ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళలో తుపాకులు ఉండవు గానీ, తుపాకులు దాచుకునే ఇనప సేఫులు మాత్రం చాలా ఇళ్ళలో ఉంటాయి. లోపల ఉండేది బంగారం. మా తోడికోడలి ఇంటికి అలాంటి సేఫ్ రాగానే మా అత్తయ్య తన కాసులపేరు తీసి ఆవిడ చేతిలో పెట్టింది, భద్రంగా ఉంటుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య ఉండేది మా ఇంట్లో. రోజూ ఆవిడ మోకాళ్ళకు నూనె రాసేది నేను. కాసులపేరు మాత్రం రెండు వీధుల అవతల ఉన్న పెద్దకోడలికా?

ఆ శనివారమే మా ఆయన్ని షాపుకి బయలుదేరదీశాను.

"గన్నే లేదు, మనకెందుకే గన్ సేఫ్?" అన్నారు.

"అక్కావాళ్ళకి ఉందా గన్ను?"

ఆయన కారు స్టార్ట్ చేశారు.

మీకు రైఫిల్స్ ఎన్ని ఉన్నాయని షాపతను అడిగాడు. వడ్డాణం సంగతి అతనికేం చెప్పను? "చాలా" అన్నాను. తాళాల గురించి, మంటలకు తట్టుకోవడం గురించి ఏదేదో చెప్పాడు. ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. తోడికోడలి సేఫ్ నా భుజం దాకా వస్తుంది. నాది నా తల దాటాలి, అంతే. అలాంటిదే కొన్నాను. అంత బరువు మెట్లెక్కించలేమని, కింద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి నేలకు బోల్టులు బిగిస్తామని డెలివరీవాళ్ళు ముందే చెప్పారు.

ఎక్కడ పడితే అక్కడ ఎలా పెడతాం? బంగారం నైరుతిలో ఉండాలి, తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి. మా ఇంట్లో కింద నైరుతి అంటే అత్తయ్య గది. సరిగ్గా ఆ మూలనే ఆవిడ మంచం. దాన్ని హాల్లోకి లాగించాను.

డెలివరీ రోజు ఇద్దరు భారీ మనుషులు సేఫ్‌ని ట్రాలీ మీద తోసుకొచ్చారు. నేను ఫోన్‌లో దిక్కులు చూస్తూ, ఇంకాస్త ఇటు, ఇంకాస్త అటు అని వాళ్ళ ప్రాణం తీశాను. బోల్టులు బిగించి వెళ్ళిపోయారు. మంచం మళ్ళీ వేయబోతే సేఫ్ తలుపు తెరుచుకోలేదు. ఎటు తిప్పి వేసినా అంతే. చివరికి మంచాన్ని పైగదికి ఎక్కించాం.

"నేను మెట్లెక్కలేనే తల్లీ" అంది అత్తయ్య.

కబురు తెలిసి తోడికోడలు కారేసుకుని వచ్చింది. "అబ్బ, ఎంత పెద్దదే! మాది దీని ముందు ఏపాటి?" అని మురిసిపోయింది. మొహంలో కాస్తయినా ఏడుపు లేదు. అది చూసి ఇంకా మండింది నాకు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాసులపేరు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఇక నీ దగ్గరే ఉండనీ. అత్తయ్య మా ఇంట్లో ఉంటారులే, మా కింద గది ఖాళీయే కదా" అంటూ అత్తయ్య సూట్‌కేస్ అందుకుంది.

నిన్న ఫ్యామిలీ గ్రూపులో వీడియో వచ్చింది. తోడికోడలి ఇంట్లో అత్తయ్య సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని నవ్వుతోంది. నేను లేచి వెళ్ళి, సేఫ్ తెరిచి, కాసులపేరు మెడలో వేసుకుని వచ్చి మళ్ళీ చూశాను. తోడికోడలు ఆవిడ మోకాళ్ళకు నూనె రాస్తోంది. రాయడం కూడా రాదు. అత్తయ్యకు ముందు నూనె కాస్త వెచ్చబెట్టాలి.