బొట్టు పెట్టిన రిమోట్

"తమ్మీ, టీవీల బొమ్మ ఆగింది. ఈయన నొక్కుతలేడు."

మా బావ పోయాడన్న కబురు నాకు ఈ మాటల్లోనే అందింది. కొండాపూర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి, కొత్త హెల్మెట్ పెట్టుకొచ్చిన దోస్తును "బోనం ఏ గుడికి పోతున్నది?" అని ఏడిపిస్తున్నాను. అక్క గొంతులో ఏడుపు లేదు. "రిమోట్ల సెల్లులు అయిపోయినయేమో చూడు" అన్నాను. "నిన్ననే కొత్తయి ఏసిన. చెయ్యి చల్లగున్నదిరా" అంది. టీ గ్లాసు ఎవరి చేతిలో పెట్టానో, నార్సింగి దాకా బండి ఎట్లా నడిపానో నాకు తెలియదు.

మనిషి పోతే ఊపిరి ఆగిందంటారు, నాడి దొరకలేదంటారు. మా అక్క బొమ్మ ఆగిందంది. పక్షవాతం వచ్చి నోటిమాట, కుడిచెయ్యి, కుడికాలు పోయిన దగ్గర్నుంచి మా బావకు మిగిలిన మాట ఆ నొక్కుడే. ఎడమచేతి బొటనవేలితో ఆయన రిమోట్ నొక్కేవాడు, టీవీకి తగిలించిన కంప్యూటర్ ఆయన తరఫున మాట్లాడేది. వేలు ఆగిందంటే మనిషి ఆగినట్టే. అక్క తప్పు చెప్పలేదు.

ఒళ్లు బాగున్న రోజుల్లో బావ ఐటీ కంపెనీల స్టాఫు బస్సు నడిపేవాడు. బాచుపల్లిలో ఎక్కించుకుని హైటెక్ సిటీలో దింపాలి. బస్సులో పాట నడుస్తుంటే అది పూర్తయ్యేదాకా ఆఖరి స్టాపులో తలుపు తీసేవాడు కాదు. టైమైపోతోందని వెనక నుంచి ఐటీ పిల్లలు మొత్తుకుంటే అద్దంలో చూసి, "ఒక్క చరణమే ఉన్నదమ్మా. పాటను సగంల ఆపితె మనిషిని సగం తొవ్వల దింపినట్టె" అనేవాడు. వాళ్లు తిట్టుకుంటూనే వినేవాళ్లు. కొందరు దిగిపోతూ అదే పాట ఈలవేసుకుంటూ పోయేవాళ్లు. బావకు ఆ ఈల జీతంకన్నా ఎక్కువ.

బావా బామ్మర్దులు మర్యాదగా మాట్లాడుకుంటున్నారంటే మా దిక్కు ఏదో భూమి పంచాయితీ నడుస్తున్నట్టు లెక్క. మా ఇద్దరి మధ్య ఆ గండం ఎప్పుడూ రాలేదు. పెళ్లిరోజే మొదలైంది మా యుద్ధం. అలకపాన్పు మీద కూర్చున్న పెళ్లికొడుకు ఏదో ఒకటి అడగాలి, ఇచ్చేదాకా లేవకూడదు. బావ టేప్‌రికార్డర్ అడిగాడు. మా నాయన ముందే కొని పెట్టాడు. నేను దాన్ని తీసి బియ్యం బస్తాల వెనక దాచి, ఆ డబ్బాలో ఒక ఇటుక పెట్టి, రంగు కాగితం చుట్టి, తలవంచి పెళ్లికొడుకు ఒడిలో పెట్టాను. విప్పాడు. పందిరంతా గొల్లుమంది. వీడియో తీసేవాడు కూడా నవ్వాడేమో, క్యాసెట్టులో అక్కడ బొమ్మ ఊగుతుంది. బావ మాత్రం నవ్వలేదు. ఇటుకను అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బ మంచిగున్నది. సామాన్ ఎప్పుడిస్తవ్ రా బామ్మర్ది?" అన్నాడు.

మర్నాడు మా నాయన టేప్‌రికార్డర్ ఇచ్చాడు. బావ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. "అది మామ ఇచ్చిండు. నువ్వేమిచ్చినవ్?" అనేవాడు. పండక్కి పోయినా అదే, పంచాయితీకి పోయినా అదే. నార్సింగిలో ఇల్లు కట్టినప్పుడు హాలు గోడలో గూడు కట్టించి, దాని అడుగున ఆ ఇటుకనే పెట్టించాడు. సున్నం కూడా తగలనివ్వలేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ దాన్నే చూపించాడు. "ఇల్లంత నేను కట్టిన. ఈ ఒక్కటి మా బామ్మర్ది పెట్టుపోత."

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక చూడటానికి వచ్చినవాళ్లంతా అరటిపండ్లు పట్టుకుని మంచం చుట్టూ చేరారు. పోయింది మాటైతే చెవులు పోయినట్టు అరుస్తున్నారు. "మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అని చంటిపిల్లాడిని అడిగినట్టు అడుగుతున్నారు. బావ కళ్లు ఫ్యాను మీదే ఉన్నాయి. నేను లోపలికి వస్తూనే, "ఏంది బావా, మా అక్కతోని కాళ్లు పిసికించుకోనీకి మంచి ఉపాయమే తీసినవ్" అన్నాను. "జర నోరు మూస్కోరా, సిగ్గు లేదా?" అంది మా మేనత్త. బావ మొహం సగమే నవ్వింది. ఆ సగం నాకు చాలు.

కానీ మరుక్షణం ఆయన నోరు తెరిచాడు. ఏదో గట్టి జవాబే తయారు చేసుకున్నాడు, కళ్లలో కనబడుతోంది. మాట రాలేదు. గొంతులో గరగర మాత్రం వచ్చింది. కంట్లోంచి నీళ్లు కారాయి. కాలు పోయినందుకు ఏడవని మనిషి, నన్ను తిరిగి తిట్టలేనందుకు ఏడ్చాడు. ఆ రోజే నాకు రోగం ఎక్కడుందో తెలిసింది. డాక్టరు చూసుకునేవి డాక్టరు చూసుకుంటాడు. బావకు తిరిగి అనే మాట ఒకటి కావాలి. లేకపోతే జాలి చూపుల కిందే చచ్చిపోతాడు.

పైన కిరాయికుండే భీమవరం సాఫ్ట్‌వేర్ ఆయన మంచివాడు. తన పాత కంప్యూటర్ తెచ్చి టీవీకి తగిలించాడు. "చాలా ఈజీ అండీ, బటన్లతో పనే లేదు. ఏం కావాలో నోటితో చెప్తే చాలండీ, అదే పెట్టేస్తుంది" అన్నాడు ఉత్సాహంగా. అన్నాక ఆయనకే తెలిసింది, పాపం మొహం మాడిపోయింది. ముందు బావ పొట్ట కదిలింది. తరవాత మంచం కిర్రుమంది. రోగం వచ్చాక ఆయన అంతలా నవ్వడం అదే మొదటిసారి.

తరవాతి వారం భీమవరం ఆయనే కంప్యూటర్‌కు గోరంత పుల్లలాంటిది గుచ్చి, దానికి తగ్గ రిమోట్ తెచ్చాడు. పైకీ కిందికీ పోయే బొత్తాలు, మధ్యలో ఒక బొత్తం. నొక్కితే ఆడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఇక సరుకు నింపడం నా పని. పెళ్లి క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించాం. బావ బస్సు హారన్ రికార్డు చేసుకొచ్చాను. బస్సులో వేసే పాటలన్నీ దొరికాయి. నా మీద నమ్మకంతో గాడిద అరుపు కూడా ఒకటి పెట్టాను. అన్నీ వరసగా సర్ది, రిమోట్ ఆయన ఎడమచేతిలో పెట్టి, "ఇగో బావా, డబ్బాలకు సామాన్ వచ్చింది. ఇగనన్న ఒప్పుకో" అన్నాను.

చిక్కేమిటంటే ఆ బొత్తాలన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి. బావకు ఎడమచేతి అలవాటు లేదు, కళ్లు టీవీ మీద పెడితే మధ్య బొత్తం దొరకడం లేదు. రెండుసార్లు తప్పి రిమోట్‌ను దుప్పటి మీద విసిరాడు. అక్క వచ్చి, నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ల తీసి ఆ బొత్తం మీద అంటించింది. మెత్తటి మఖ్మల్ బిళ్ల. చూడకుండానే వేలికి తెలుస్తుంది. అరిగి ఊడిపోయినప్పుడల్లా అక్క నుదుటిది తీసి అక్కడ అంటించేది, తరవాతే తను కొత్తది పెట్టుకునేది. "ప్యాకెట్ల కొత్తయి ఉన్నయిగదా?" అని అడిగితే, "నా నుదుటిదైతె జల్ది దొరుకుతదంట" అంది. అంట అని ఎవరు చెప్పారో నేను అడగలేదు.

బొత్తం దొరికాక బావ చేసిన మొదటి పని తిన్నగా పెళ్లి వీడియోలోకి పోవడం. టీవీలో కుర్ర బావ ఇటుక పట్టుకుని, "డబ్బ మంచిగున్నది. సామాన్ ఎప్పుడిస్తవ్ రా బామ్మర్ది?" అన్నాడు. కెమెరా తలుపు దగ్గరున్న నా వైపు తిరగ్గానే వేలు పడింది. నోరంతా తెరిచిన నా మొహం టీవీ నిండా ఆగిపోయింది. మంచం మీది బావ నన్ను చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ఇచ్చింది ఒప్పుకునేది లేదని దాని అర్థం.

ఇక ఆ ఇంట్లో మళ్లీ యుద్ధం మొదలైంది. నేను గొప్పలు చెప్పుకుంటే గాడిద అరిచేది. ఒకసారి దూరపు మామ ఒకాయన వచ్చి, ఇదంతా పూర్వజన్మ పాపమని, కర్మ అనుభవించక తప్పదని గంటసేపు చెప్పాడు. బావ వేలు కదిలింది. టీవీలో పేర్ల వరస మీద గీత ఒక్కొక్కటీ దాటుకుంటూ కిందికి దిగుతోంది. మామకు తెలియదు, మాకందరికీ తెలుసు. అక్క పమిట నోట్లో కుక్కుకుంది. బస్సు హారన్ ఇల్లదిరిపోయేలా మోగింది. మామ చేతిలో చాయ్ ఆయన ధోవతి మీదే ఒలికింది. "బస్సుకు అడ్డమొచ్చినవ్ మామా, పక్కకు జరుగు" అన్నాను. ఆ తరవాత పాపాల గురించి చెప్పడానికి ఆ ఇంటికి ఎవరూ రాలేదు.

ఒక్క రోజు మాత్రం నా నోరు పడిపోయింది. గుండె పరీక్ష చేయించుకుని దవాఖాన నుంచి తిన్నగా అక్కడికే పోయాను. ఎవరికీ చెప్పలేదు. కుర్చీలో కూర్చుని గోడను చూస్తున్నాను. బావ నన్ను కాసేపు చూశాడు. గాడిద వినిపిస్తుందనుకున్నాను. పాట వచ్చింది, ఆయన బస్సులో ఆఖరి స్టాపు ముందర వేసే పాట. ఇద్దరం విన్నాం. చరణం మధ్యలో లేవబోతే ఎడమచెయ్యి నా మణికట్టు పట్టుకుంది. పాట అయిపోయాకే వదిలింది. ఆ తరవాతే గాడిద అరిచింది. ఆ రోజు ఆ అరుపుకు నేను ఎంత నవ్వానో, అంత ఏడ్చాను. ఏమైందని అక్క వంటింట్లోంచి అడిగితే "నీ మొగుడు తిడుతున్నడే" అన్నాను.

నా బండి చప్పుడు వీధి మలుపులోనే ఆయనకు తెలిసిపోయేది. నేను చెప్పులు విప్పేలోపు పెళ్లి వీడియో పెట్టి, నా మొహం దగ్గర ఆపి ఉంచేవాడు. నేను గడప దాటగానే నా తెరిచిన నోరే నాకు ఎదురు. ఆయన పోయిన పొద్దున నేను రావాల్సిన రోజే. వస్తానని ఫోన్ చేసి చెప్పాను కూడా. చప్పుడు వినబడకముందే పెట్టుకున్నాడు. నేను పోయేసరికి టీవీలో నా మొహం అట్లాగే ఉంది. రిమోట్ ఆయన ఛాతీ మీద ఉంది.

టీవీ తెర ఆర్పేశాం. కంప్యూటర్‌ను మాత్రం అక్క ఆపనివ్వలేదు. దినాలు జరిగినన్ని రోజులూ అది మూలన సన్నగా గురగురమంటూనే ఉంది.

దశదినకర్మ నాడు ఆడవాళ్లు అక్కను లోపలికి తీసుకుపోయి, బొట్టు తీసి, గాజులు తీసి, తలమీద నీళ్లు పోసి తెచ్చారు. తడి జుట్టుతో వచ్చి ఖాళీ మంచం పట్టె మీద కూర్చుంది. అక్క నుదురు అంత వెడల్పుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మేనత్త కన్ను గూట్లో ఇటుక మీదున్న రిమోట్ మీద పడింది. "దీనికెందుకమ్మా ఇంక బొట్టు, తీసెయ్" అంటూ గోరు పెట్టి గీకబోయింది. నా నాలిక చివర ఒక మాట సిద్ధంగా ఉంది, ఆ ముసలామె జన్మలో మరిచిపోని మాట. అక్క నాకన్నా ముందే అంది.

"దాని జోలికి పోకు అత్తా. అది నాది గాదు, ఆయనది."

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "తమ్మీ, టీవీ పెట్టు" అంది అక్క. పెట్టాను. నా కుర్ర మొహం, తెరిచిన నోరు. అక్క రిమోట్ తీసుకుని ఎర్రబిళ్ల మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

బొమ్మ కదిలింది. ఇన్నాళ్లూ బావ అక్కడే ఆపేవాడు కాబట్టి ఆ తరవాత ఏముందో నేను చూడలేదు, జరిగింది ఎప్పుడో మరిచిపోయాను. కెమెరా మళ్లీ పెళ్లికొడుకు వైపు తిరిగింది. ఆయన ఇటుకను రంగు కాగితంలో జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టుకున్నాడు. కొంచెం జరిగాడు. నా వైపు చూసి, పాన్పు మీద ఖాళీ అయిన సగాన్ని అరచేత్తో తట్టాడు. "రారా, కూసో."

తలుపు దగ్గరి కుర్రవాడు రావడం లేదు, సిగ్గుపడుతున్నాడు. ఆయన మళ్లీ తట్టాడు. అక్క బొటనవేలు ఎర్రబిళ్ల మీదే ఉంది. నొక్కలేదు.