ఉతికిన చొక్కా

ఒక చొక్కా ఉతికాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న బరువు అదే. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. మా ఆయనకు కూడా చెప్పని మాట ఇది.

అప్పట్లో మేము ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకీ ఆయన ఆఫీసు స్నేహితులకీ బాస్కెట్‌బాల్ పిచ్చి. ఇండియాలో క్రికెట్ చూస్తూ పాటించిన సెంటిమెంట్లన్నీ భద్రంగా ఇక్కడికి తెచ్చుకున్నారు. మా ఇంట్లో టీవీ ముందు ఎవరి చోట్లో వాళ్లే కూర్చోవాలి. మనవాళ్లు వరసగా పాయింట్లు కొడుతుంటే బాత్రూమ్‌లో ఉన్నవాడు బయటికి రాకూడదు. అన్నిటికన్నా పెద్ద సెంటిమెంటు మా ఆయన తొడుక్కునే మా ఊరి జట్టు నీలం జెర్సీ. సీజన్ చివర్లో కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్ అయ్యేదాకా దానికి నీళ్లు తగలకూడదు. రెండు సిరీస్‌లు గెలిచేసరికి అది ఏ వాసన కొట్టేదో మీ ఊహకే వదిలేస్తున్నాను.

మూడో సిరీస్ మొదటి మ్యాచ్ మా ఊళ్లోనే. ఆ రోజు స్వప్నను మా ఇంటికి పిలిచాను. పార్కింగ్ లాట్‌కి అవతలి బిల్డింగ్‌లో ఉండేది. పెళ్లయి కొత్తగా వరంగల్ నుంచి వచ్చింది. భర్త ప్రాజెక్టు ఇంకో రాష్ట్రంలో; సోమవారం విమానమెక్కితే మళ్లీ వారం చివరికే రావడం. డిపెండెంట్ వీసా కాబట్టి ఆమె ఉద్యోగం చేయకూడదు. కారు లేదు. ఆ ఊళ్లో కారు లేకపోతే పాల డబ్బాకి కూడా ఎవరినో ఒకరిని బతిమాలాలి. ఒకసారి నడకలో పలకరించినందుకే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమెకి మా ఇల్లు తప్ప వెళ్లేచోటు లేదని నాకు తెలుసు. బాగా తెలుసు.

కొత్తపిల్ల మొదటిసారి వస్తోంది, ఇంట్లో ఈ కంపేమిటనుకుంటుందో అని సిగ్గేసి, మా ఆయన ఆఫీసులో ఉండగా చొక్కా ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కుర్చీ మీదే ఉండలా పడేశాను. పుప్పొడి ఎలర్జీ రోజులు కదా, ఆయనకి ముక్కు మూసుకుపోయి ఏ వాసనా తెలియలేదు. తొడుక్కున్నారు.

ఓడిపోయాం. సొంత ఊళ్లో, చివరి నిమిషంలో చేజారింది. స్వప్న అందరికీ చెప్పి వెళ్లిపోయింది. ఇక పంచాయితీ మొదలైంది. సిరీస్ ఇంకా చాలా ఉంది, ముందు తప్పెక్కడ జరిగిందో తేలాలి అన్నాడు కిరణ్. అతను మా ఆయనకి ప్రాణస్నేహితుడు. వాళ్ల ఆశ అర్థమైంది నాకు. ఓటమికి ఒక కారణం దొరకాలి, అది తీసి పక్కన పెట్టేయగలిగేదై ఉండాలి. అప్పుడే తర్వాతి మ్యాచ్ మీద ఆశ నిలుస్తుంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు మధ్యలో లేచారు అని అంతా తిరగేశారు. మా ఆయన చొక్కా మెడ దగ్గర పట్టుకుని అనుమానంగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు.

నాకు గుండె ఝల్లుమంది. దేనికి? కొడతారనా, తిడతారనా? ఏమీ లేదు. నవ్వుతారు, ఏడిపిస్తారు, పదేళ్లపాటు ప్రతి విందులోనూ ఆ కథే చెబుతారు. అంతే. ఆ మాత్రానికి భయపడి నోరు జారాను. "ఇవాళ కొత్తగా వచ్చింది స్వప్న ఒక్కతే కదా" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు ఆగింది, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

రెండో మ్యాచ్‌కి ఆమెను పిలవలేదు. మ్యాచ్ మొదలయ్యే ముందు తలుపు చప్పుడైంది. తీస్తే స్వప్న. చేతిలో వేడివేడి సర్వపిండి గిన్నె.

"లోపలికి రా" అన్నాను.

"వద్దక్కా. కిరణన్న వాళ్ల మిసెస్ చెప్పింది. నేనొస్తే కలిసి రాలేదంట గద."

"అలాంటివేం పట్టించుకోకు."

"ఏం కాదక్కా. మీరు గెలవాలె. నేను ఇంట్ల గూడ టీవీ పెట్ట. ఇది అందరికి పెట్టుండ్రి."

వెనక నుంచి మా ఆయన, "తలుపు వెయ్, ఏసీ బయటికి పోతోంది" అని అరిచారు. గిన్నె తీసుకున్నాను. తలుపు వేశాను.

ఆ రోజు గెలిచాం. ఉతికిన చొక్కాతోనే గెలిచాం! అయినా నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబితే గెలుపు చెడగొట్టినదాన్నవుతాను. మధ్యలో ఒకటి పోయినా సిరీస్ మాదే అయింది. గెలిచిన కొద్దీ నా నోరు ఇంకాస్త మూసుకుపోయింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఒకోసారి, నిజంగానే ఆ పిల్ల కాలు మంచిది కాదేమో అని నాకూ అనిపించింది. చొక్కా ఉతికిన చేతులు నావే అయివుండి ఎలా అనిపించింది? ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఫైనల్లో ఓడిపోయాం. అప్పుడు స్వప్న మా ఇంట్లో లేదు. ఆ మాట ఎవరికీ తట్టలేదు. తట్టిన నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

తర్వాత స్వప్న వాళ్లు వర్జీనియాలో హెర్న్‌డన్‌కి మారిపోయారు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తుంది. నా మీద కోపం లేదు, అదే నాకు నరకం. మొన్న మాట్లాడుతూ, వాళ్ల పాప పిల్లల లీగ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతోందని మురిసిపోతూ చెప్పింది. ఎలా ఆడుతుందని అడిగాను. తను చూడలేదట. జిమ్ దగ్గర దింపి, మ్యాచ్ అయ్యేదాకా పార్కింగ్‌లో కార్లోనే కూర్చుంటుందట. నేను లోపలికి పోతే ఓడిపోతరక్కా, మీకు తెలుసు గద అని నవ్వింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా ఆయన ఏమంటారోనన్న భయం ఇప్పుడు లేదు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా అని ఆమె అడుగుతుందన్నదే ఇప్పటి భయం.

చొక్కా ఉతికింది నేను. ఓడింది దానివల్లా కాదు, స్వప్నవల్లా కాదు. ఇలా రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. నాకు. ఈ శనివారం కూడా పాపకి మ్యాచ్ ఉందట. వాళ్లమ్మ కార్లోనే కూర్చుంటుంది.