పైడమ్మప్ప మూడు మెసేజ్‌లు

కిందటేడు, జీడి పూత వేళ. పలాసలో నాది పురుగుమందుల కొట్టు. ఎంత నీటికి ఎంత మందు అన్న లెక్క నేను బడిలో నేర్వలేదు, ఈ బల్ల వెనక నిలబడే నేర్చుకున్నాను. కొట్టుకి వచ్చే ఉద్దానం రైతులతో ఫోన్లో ఒక గ్రూపు నడుపుతున్నాను. అందులో నేను అడ్మిన్‌ని, అంటే కాపలా మనిషిని. దండాలు, పువ్వుల బొమ్మల కింద తెగుళ్ల ఫొటోలు కూరుకుపోతుంటే లిమిట్ పెట్టాను. ఒకరికి రోజుకి మూడే మెసేజ్‌లు.

ఒకరోజు పొద్దున్న జలంత్రకోట పైడమ్మప్ప బస్సు దిగి నేరుగా కొట్లోకి వచ్చింది. ఆమెకి జీడితోట తప్ప వేరే ఆధారం లేదు. చేతిలో ఫోను, సంచిలో పూత రెమ్మ.

"గ్రూపులో అడిగితే సాలు కదప్పా, ఇంత దూరం వొచ్చినావేటి?"

"నా మూడూ అయిపోనాయి తమ్ముడా. అందుకే బస్సెక్కీసినాను."

ఫోను తీసుకుని చూశాను. ముందురోజు ఆమె నల్లబడుతున్న పూత ఫొటో పెట్టి, ఏ మందు కొట్టాలని అడిగింది. రామయ్య మావ ఒక మందు చెప్పాడు. సూరి బావ ఇంకొకటి, లచ్చిమి వదిన మరొకటి. ఆ పొద్దున లేస్తూనే పైడమ్మప్ప ముగ్గురికీ విడివిడిగా జవాబిచ్చింది. "నువ్వు సెప్పినట్టే సేత్తాను మావా." "నువ్వు సెప్పినట్టే సేత్తాను బావా." వదినకీ అదే మాట. లిమిట్ అక్కడితో సరి.

"సాయంత్రం మందు కొట్టే మనిషి వొత్తాడు. మూడూ ఒకే డ్రమ్ములో కలిపీమంతావా?" అని అడిగింది.

మందులు కలిపి కొట్టడాన్ని మేం ట్యాంక్ మిక్స్ అంటాం. అన్నీ ఒకదానితో ఒకటి పొసగవు. ఈ మూడూ కలిస్తే పూత మాడిపోవచ్చు. పూత పోతే ఆ ఏడు పంట లేనట్టే.

రెమ్మని వెలుగులో తిప్పి చూశాను. జీడి పూత రసం పీల్చే దోమ కుట్టిన మచ్చలున్నాయి. మావ చెప్పింది దోమ మందే. బావ చెప్పింది బూడిద తెగులుకి, అది రెమ్మ మీద ఎక్కడా లేదు. వదిన చెప్పింది పిందెకి బలం, దానికింకా సమయముంది.

"ఇప్పటికి మావ మందొక్కటే సాలప్పా."

ఆమె ముఖం వాడిపోయింది. "మరి మిగతా ఇద్దరికీ ఏటి సెప్పాల? ఒకరి మాట ఇని ఇద్దరి మాట తీసీసినానంటే, రేపు ఆల్లింటి పెల్లికి ఏ మొకంతో ఎల్తాను?"

"ముగ్గురికీ కలిపి ఒక్క జవాబు పెట్టు. నాలుగోది నేను ఒప్పుకుంతాను."

"నాకొక్కదానికీ రూలు సడలిత్తే సూరి బావ ఊరుకుంతాడేటి?"

నాకు లెక్క తట్టింది. పొద్దుటి మూడు జవాబులూ ఆమె చేతే డిలీట్ చేయించాను. "ఇప్పుడు నీకు మూడూ ఉన్నట్టే. ఒకటి వాడు."

ఆమె కొంగు సర్దుకుని, ఎదురుగా ముగ్గురూ కూర్చున్నట్టే మాట్లాడి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "రామయ్య మావా, ఇప్పుడు దోముంది, నీ మందు కొడతన్నాను. సూరి బావా, బూడిద కనబడిందంటే నీదే. లచ్చిమొదినా, పిందె కట్టినాక నీది. ముగ్గురికీ దండాలు."

కాసేపటికి సూరి బావ గొంతు మోగింది. "అయితే నీ తోటకి బూడిద రావాలని నాను మొక్కుకోవాలేటే?"

పైడమ్మప్ప కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. మందుకి నీళ్ల కొలత రెండుసార్లు చెప్పించుకుని బస్సెక్కింది.

ఆ ఏడు ఆమె తోటలో పూత నిలిచింది. పిందె కట్టాక వదిన మందు కోసం మళ్లీ వచ్చింది. సూరి బావ వంతు రానే లేదు.

జవాబులు కలపమని అప్పటిదాకా నేను అందరికీ చెప్పింది గ్రూపులో రద్దీ తగ్గడానికే. విడివిడిగా ఒప్పుకుంటే మూడు మాటలూ సరైనవే అనిపిస్తాయని, ఒకచోట చేర్చి చెప్పాలంటేనే ఏది ముందో తేల్చుకోవలసి వస్తుందని ఆ రోజు తెలిసింది. గ్రూపు రూల్లో ఒక వాక్యం చేర్చాను: జవాబులు కలిపి పెట్టండి, మావా, బావా అని వరసలతో పిలవడం మాత్రం మానకండి.

కొట్టుకి వచ్చి వెళ్లిన ఆ రోజు సాయంత్రమే ఆమె రెండో మెసేజ్ వచ్చింది. "మందు కొట్టించీసినాను తమ్ముడా. నాకింకా ఒకటుంది, దాసుకుంతన్నాను."