కార్తీకానికి ముందు శుక్రవారం

కువైట్‌లో ఎండాకాలం ఒక్కరోజులో పోదు. ముందు ఏసీ పెట్టెల నుంచి కారే నీళ్లు తగ్గుతాయి. తరవాత ఒక ఉదయం వంటింటి కిటికీ తీస్తే మొహానికి సెగ కొట్టదు. సల్వాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేసే సూరాయమ్మ ఏటా ఆ ఉదయం కోసమే ఎదురుచూస్తుంది. వేసవి పొడుగునా ఆమె గడప దాటడమంటే చెత్తసంచీ వీధిచివర డబ్బాలో పడేసి రావడమే. గాలి చల్లబడిందంటే మాత్రం ఆ వచ్చే శుక్రవారం సెలవు ఆమెది.

ఆ శుక్రవారానికి తొందర కూడా ఉంది. దీపావళి వెళ్లగానే కార్తీకం వచ్చేస్తుంది. ఆ నెల్లాళ్లూ సూరాయమ్మ నీచు ముట్టదు. అందుకని చల్లగాలి మొదలయ్యాక, కార్తీకం రాకముందు, కువైట్ సిటీకి వెళ్లి పాత సూక్ బజారులో బొగ్గుల మీద కాల్చిన చేప తిని రావాలి. ఎన్నో ఏళ్లుగా అది ఆమె పండగ.

ఆమెది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న ఊరు. తండ్రి రేవులో పడవ నడిపేవాడు. కువైట్ పని అసలు ఆమెకోసం మాట్లాడింది కాదు, చెల్లెలి కోసం. తీరా పాస్‌పోర్టుకి ఫొటో తీయించుకోవాల్సిన రోజున చెల్లెలు గుమ్మం పట్టుకుని ఏడ్చి కదల్లేదు. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయి పుట్టింట్లో ఉంటున్న సూరాయమ్మ, "దాన్ని ఏడిపించకండి, నేనెల్తాను" అంది. రెండేళ్లు చూసి వచ్చేద్దామనుకుని వచ్చింది. ఆ రెండేళ్లలోనే ఇంటి యజమానురాలు, అందరూ మామా అని పిలిచే ఆవిడ చంటిపిల్లాడు ఈమె చంకకి అలవాటుపడ్డాడు. ఇప్పుడు వాడికి గడ్డం వచ్చింది. మామా తిట్లలోంచి అరబ్బీ నేర్చుకున్న సూరాయమ్మ ఇప్పుడు అదే అరబ్బీలో వాణ్ణి తిడుతుంది.

ఆమెకి తోడు నూర్ బీ. పక్కవీధిలో పనిచేస్తుంది, రాయచోటి వైపు మనిషి, సూరాయమ్మ కన్నా పదేళ్లు చిన్న. నీళ్లంటే బోరింగులోంచి వచ్చేవే తప్ప మనిషిని ముంచేటన్ని ఒకచోట ఉంటాయని ఆమెకి కువైట్ వచ్చాకే తెలిసింది. సముద్రం ఒడ్డున కూర్చున్నా చెప్పులు తడిసేంత దగ్గరికి వెళ్లదు.

ఆ శుక్రవారం ఇద్దరూ బస్సు దిగి, ఆకలి అవడానికని చేపల మార్కెట్టు వైపు నడిచారు. నెలలపాటు మనుషులు కనబడని ఒడ్డు తిరనాళ్లలా ఉంది. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఒకతను ఉడికించిన బాకలా చిక్కుడు గింజల మీద నిమ్మకాయ పిండుతూ అమ్ముతున్నాడు. రేవులో ఒక చిన్న బోటు దగ్గర బెంగాలీ పిల్లాడొకడు, "ఆవో, ఆవో, చక్కర్ లగావో" అని, ఒక చుట్టు తిరిగి రమ్మని పిలుస్తున్నాడు.

సూరాయమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్లుగా సముద్రాన్ని చూస్తూనే ఉంది గానీ, పడవ ఎక్కి ఎన్నాళ్లయిందో అప్పుడు తట్టింది.

"ఒసే నూర్ బీ, ఎక్కుదామే."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? నేను రాను తల్లో. నీళ్లల్లో పడి సచ్చిపోతే ఈడ ఉండేదానికి నా ఇఖామా యెవురు రెన్యూవల్ చేస్తారు?"

"పడవలో పుట్టి పెరిగినదాన్ని, నా పక్కన కూకో. గోదారి వరదలో మా నాన్న తెడ్డెయ్యలేకపోతే నేనేసేదాన్ని. ఇదో లెక్కా?"

బతిమాలి, కోప్పడి, చివరికి చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించింది. నారింజరంగు జాకెట్లు తొడిగించారు. నూర్ బీ కళ్లు మూసుకుని కల్మా చదువుకుంటోంది. అలల్ని ఆపే రేవు గోడ దాటేదాకా నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. సూరాయమ్మ అంచున చెయ్యి పెట్టి, నీళ్లని వేళ్లతో కోస్తూ, తండ్రి సంగతులు చెబుతోంది.

గోడ దాటగానే బోటు ముక్కు పైకి లేచి, కిందికి పడింది. మళ్లీ లేచింది. సూరాయమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. నూర్ బీ భయంతో కళ్లు తెరిచింది. తెరిచి, అలాగే ఉండిపోయింది. తను నేల తుడిచే ఊరు, బస్సు కోసం నిలబడి చెమటోడ్చే ఊరు, నీళ్ల మీంచి చూస్తే ఒక్క దుమ్ము లేకుండా మెరుస్తోంది. నీలం బుడగలు గుచ్చినట్టున్న కువైట్ టవర్లు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి.

"అక్కా, అద్దో సూడు! అబ్బా, యెంత బాగుండాదో!"

అక్క చూడలేదు. బోటు అంచు మీద బోర్లా వంగి, పొద్దున తాగిన టీ అంతా సముద్రానికి సమర్పిస్తోంది. నూర్ బీ ఒక చేత్తో ఆమె నుదురు పట్టుకుంది. రెండో చేత్తో గాలికి ఎగురుతున్న తన చున్నీ పట్టుకుంది. కళ్లు మాత్రం టవర్ల మీంచి తిప్పలేదు.

ఒడ్డుకి వచ్చాక సూరాయమ్మ గట్టు మీద చతికిలబడింది. ఒంట్లో నీరసం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

"గోదారి ఇలా ఊగదే" అంది మూతి తుడుచుకుంటూ.

"ఊగదులే అక్కా" అంది నూర్ బీ మెల్లగా. నవ్వలేదు. వెళ్లి నిమ్మకాయ పిండిన వేడి టీ తెచ్చి చేతిలో పెట్టింది.

సూక్‌కి వెళ్లారు గానీ, కాలుతున్న చేప వాసన తగలగానే సూరాయమ్మ కడుపు మళ్లీ తిరిగింది. తందూరు రొట్టె ముక్క నములుతూ కూర్చుంది. నూర్ బీ ఆవురావురుమని తిని, ముట్టుకోని రెండో చేపని పొట్లం కట్టించింది. "పండగ యాడికీ పోదు, ఇంటికాడ తిను" అని సంచీలో పెట్టింది.

సాయంత్రం వంటింట్లో ఆ పొట్లం విప్పుతుంటే మామా కర్ర ఊతంగా వచ్చి కుర్చీలో కూర్చుంది. పెద్దావిడ. మోకాళ్ల నొప్పులతో ఈ మధ్య గది దాటడం తక్కువ. సూరాయమ్మ పాలిపోయిన మొహం చూసి ఏమైందని అడిగింది. దాచి లాభం లేదని సూరాయమ్మ చెప్పేసింది.

మామా భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

"మా నాన్న ఓడ నడిపినవాడు. మీ ఇండియా దాకా వెళ్లి వచ్చేవాడు. నా చిన్నప్పుడు ముచ్చటపడి ఒక్కసారి ఎక్కించాడు. కొత్త గౌను, ఆయన బట్టలు, అన్నీ పాడుచేశాను. ఇక ఎక్కనివ్వలేదు. ఈ సంగతి నా పిల్లలకి కూడా చెప్పలేదు."

"మీకూనా మామా?"

"నాకూనే. ఏదీ, ఆ చేప ఇటు పెట్టు."

సూరాయమ్మ చేపని వేడిచేసి నిమ్మకాయ కోసింది. మామా ఎదురుగా ఇంకో కుర్చీ చూపించింది. ఆ ఇంట్లో అన్నేళ్లలో సూరాయమ్మ మామాతో ఒక పళ్లెంలో తినడం అదే మొదలు. ముల్లు తీసిన ముక్కల్ని మామా వైపు జరుపుతూ, తనూ తింది. కడుపు కుదురుకుంది.

చేతులు కడుక్కుంటుండగా ఫోను మోగింది. నూర్ బీ.

"తగ్గిందా అక్కా?"

"తగ్గిందే. సుబ్బరంగా తిన్నాను."

"అయితే సరే. వచ్చే శుక్రవారం ఇంగోసారి పోదాం. నువ్వు వొడ్డునే కూచో. నేనొక్కదాన్నే ఎక్కుతా."