షూటింగ్ బండి దగ్గర సంతకాలు

పోయిన శ్రావణంలో ఒకరోజు పాప నోట్లోంచి ఖాళీ సారా ప్యాకెట్టు లాగేశాను. ఎక్కడ పారేయాలో తోచక దాన్ని గుప్పిట్లో పట్టుకునే ఇంటికొచ్చాను. పాపకు మూడేళ్లు. కృష్ణానగర్‌లో మా గది ఉన్న సందు మొదట్లోనే సారా దుకాణం. పాప బడికి దారి అదొక్కటే.

ఊళ్లలో ఆడవాళ్లు సారా దుకాణాలు మూయిస్తున్నారని పేపర్లో రోజూ చదువుతున్నాను. నేనూ ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లాను. సందులో సగానికి పైగా ఇళ్లవాళ్లు దుకాణం వద్దని సంతకం పెడితే పైకి రాస్తానన్నాడు ఆఫీసరు. అలాంటి చట్టం ఉందో లేదో నేను అడగలేదు. ఎమ్మెల్యే కోసం ఎదురుచూడకుండా జనమే తేల్చుకోవచ్చన్న మాటకే పొంగిపోయాను.

మా సందులో ఎక్కువమంది జూనియర్ ఆర్టిస్టులు. పగలు ఇళ్లకు తాళాలుంటాయి. అందుకని తెల్లారకముందే, షూటింగ్ బండి కోసం వాళ్లు నిలబడే చోటికి, మొదటి పేజీలో అర్జీ రాసిన లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ముందున్న నలుగురికి విషయం చెప్పాను. వెనకవాళ్లు ఏమీ అడక్కుండానే వరస కట్టారు. బండి వచ్చేలోపే కావలసినదానికన్నా ఎక్కువ సంతకాలు పడ్డాయి.

మర్నాడు మా గుమ్మంలో ఒకావిడ నిలబడింది.

"మేడం, నిన్న పేరు రాయించుకున్నవ్ గద. షూటింగ్ ఎన్నడు?"

షూటింగ్ కాదు, సారా దుకాణం మూయించడానికి అన్నాను.

"మా ఆయన గాడనే ప్యాకెట్లు అమ్ముతడు. నా పొయ్యి నాతోనే ఆర్పిస్తున్నవా?"

పుస్తకం పట్టుకుని ఎవరు కనబడినా జూనియర్ ఆర్టిస్టులు ముందు తమ పేరు రాయించుకుంటారు. పేరు లేనివాళ్లు బండి ఎక్కలేరు. అది నాకు తట్టలేదు.

ఎడిటింగ్ రూములో పనిచేసే మా ఆయన, సంతకం సంతకమే, ఇచ్చెయ్ అన్నాడు. ఆఫీసరు ఇంటింటికీ వచ్చి అడగడన్నాడు. నిజమే, అడగడు. రెండు రోజులు ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టడం, తీయడం. కూర మాడ్చాను. పాపను ఊరికే కసిరాను.

మూడోరోజు పాపను చంకనేసుకుని ఇంటింటికీ వెళ్లి, రాసింది చదివి వినిపించాను. ఒకామె, తాగి పడుకున్న మొగుడు వింటుండగానే మళ్లీ వేలిముద్ర వేసింది. కొందరు కొట్టేయమన్నారు. చివరికి మిగిలింది మా గుమ్మంలోకి వచ్చి అడిగినావిడ ఇల్లు. ఆ పేరు ఉంటే సగం దాటుతుంది, లేకపోతే లేదు.

"మూసినంక మా ఆయనకు ఏం పని చూపిస్తరు? అది రాసినవా దాంట్ల?"

రాయలేదు. కావాలి, వద్దు, ఈ రెండు మాటలకే అందులో చోటు. ఆవిడ చూస్తుండగానే పేరు కొట్టేశాను.

ఒక్క ఇల్లు తక్కువన్నాడు ఆఫీసరు. దుకాణం అలాగే ఉంది. పాపను ఎత్తుకునే దాని ముందునుంచి బడికి తీసుకెళ్తున్నాను. ఇంకో ఏడాదికి ఎత్తుకోలేను. చేసింది సరైనదేనని రోజూ అనుకుంటాను. పాప నేలమీద ఏదో తీయడానికి వంగితే చాలు, ఆ ఒక్క పేరూ ఉంచేయాల్సింది అనిపిస్తుంది.