పసుపు బొట్టు పెట్టిన వలలు

లెక్కల్లో తప్పు దొరికితే నాకు మహా సంబరం. గుడివాడ నుంచి రోజూ బందరు వచ్చి చిన్న చిన్న షాపులకు లెక్కలు రాస్తున్న కొత్తలో అది మరీ ఎక్కువ. గిలకలదిండిలో వలలు, తాళ్లు అమ్మే బాబాయ్ గారి షాపులో తప్పు పట్టుకున్న రోజైతే నా కాళ్లు నేల మీద నిలవలేదు. బాబాయ్ గారంటే బంధువేం కాదు, పిలుపు అంతే.

నేను వెళ్లేనాటికే అక్కడ జరగాల్సింది జరిగిపోయింది. రెండేళ్ల కిందట లాభనష్టాల పట్టీలో నష్టం తేలింది. అమ్మకాలు చూస్తే ఏం తగ్గలేదు. సరుకే ఎటో పోయిందని బాబాయ్ గారు నిర్ణయించుకున్నారు. గోడౌను తాళంచెవులు ఉండేది ఆయన బావమరిది దగ్గర. దొంగ అని నోటితో అనలేదట, తాళంచెవులు మాత్రం అడిగి పుచ్చుకున్నారు. అతను మారు మాట్లాడకుండా చల్లపల్లి వెళ్లి ధాన్యం కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ మరుసటి ఏడాది షాపుకు ఎన్నడూ లేనంత లాభం వచ్చింది.

“చూశావా అమ్మాయ్, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగ్గానే వెళ్లిపోయాడు. వాడెళ్లాడు, లాభం వచ్చింది,” అన్నారు నాతో.

ఆ లాభమే నాకు నచ్చలేదు. చేతిలో ఉన్నవాటికన్నా ఎక్కువ వలలు అమ్మినట్టుంది పట్టీ. అంతకుముందు మార్చి ఆఖరున స్టాకు ఎవరు లెక్కపెట్టారని అడిగాను. ఏటా బావమరిదే చూసేవాడట. ఆ ఒక్కసారి అతను టైఫాయిడ్‌తో మంచం పట్టడంతో బాబాయ్ గారే చూశారు. ఆ తర్వాతి మార్చిలో మాత్రం షాపు కుర్రాడు కనబడ్డ వలలన్నీ లెక్కేసి రాశాడట.

“మరి ఆ మూలన పసుపు బొట్టు పెట్టిన వలలున్నాయే, అలాంటివి లెక్కలో వేశారాండీ?”

“అవి మనవెట్టా అవుతాయమ్మా? బొట్టు పెట్టాక వాళ్లయ్యే గదా!”

వేసవి వేట నిషేధం తీరాక సముద్రంలోకి వెళ్లే పడవలవాళ్లు మార్చిలోనే వలలు ఎంచుకుని, పసుపు బొట్టు పెట్టి, షాపులోనే ఉంచి వెళ్తారు. డబ్బిచ్చేదీ బిల్లు రాసేదీ జూన్‌లో తీసుకెళ్లేటప్పుడే. ఈలోపు ఎవరెంత ఎక్కువిస్తామన్నా బాబాయ్ గారు ఆ వల ముట్టనివ్వరు. మాటంటే అంత పట్టింపు మనిషికి. అందుకే వాటిని స్టాకులో రాయలేదు. బిల్లు కాలేదు కనుక అమ్మకాల్లోనూ లేవు. ఎటూ కాకుండా పోయి ఆ ఏడాది నష్టం చూపించాయి, జూన్‌లో అమ్ముడై తర్వాతి ఏడాది లాభంగా తేలాయి.

స్టాకు సరిచేసి రెండేళ్ల పట్టీలూ తిరగరాశాను. రెండూ మామూలు సంవత్సరాలే. బాబాయ్ గారు ఆ కాగితాలు రెండుసార్లు తిరగేసి చూశారు.

“అయితే వాడు తియ్యలేదన్నమాట,” అన్నారు చివరికి.

పదండి, వెళ్లి చెప్దామని తొందరపెట్టింది నేనే. బస్సులో దారంతా నేనే వాగాను.

బావమరిది మమ్మల్ని కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు. బాబాయ్ గారు తాళంచెవులు తీసి అతని ముందు పెట్టి, “వచ్చెయ్‌రా,” అన్నారు.

“మీ మీద నాకు కోపం లేదు బావా. కొట్టు మీది, అనుమానం వస్తది. నేను బయల్దేరేటప్పుడు అక్క నా సంచి విప్పి చూసింది. చూసి, బట్టలన్నీ మళ్లీ మడతేసి ఇచ్చింది.” తాళంచెవులు మెల్లగా వెనక్కి జరిపాడు. “ఈ లెక్క సంగతి అక్కకి చెప్పకండి. తెలిస్తే ఇంక అన్నం తినదు.”

బాబాయ్ గారు మాటిచ్చారు. ఆయన మాటిస్తే ఏమవుతుందో నాకు అప్పటికే తెలుసు. అతన్ని వెనక్కి తీసుకొస్తామని ఎగిరిపడుతూ వెళ్లినందుకు నాకు సిగ్గేసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత నేను షాపుకెళ్లిన రోజు పిన్ని గారు టీ తెచ్చి నా పక్కన కూర్చున్నారు.

“పట్టీలు మళ్లీ రాశావంటగా అమ్మా. ఏదైనా తేడా వచ్చిందా?”

కూడికలో చిన్న పొరపాటండీ అన్నాను. బాబాయ్ గారు తలెత్తకుండా తాడు చుడుతున్నారు.

“మా తమ్ముడు తీశాడని కాదమ్మా నా బాధ,” అన్నారు పిన్ని గారు. “అవసరముంటే నన్నడగొచ్చుగా? అడిగితే ఇవ్వనా?”