నాయనమ్మ ఇసుక, అత్త అట్టముక్కలు

మా చిన్నప్పుడు పటమటలో, మా ఇంటి వసారాలో రెండు బళ్ళు నడిచేవి... రెండింటికీ విద్యార్థిని నేనొక్కదాన్నే.

పొద్దున బడి నాయనమ్మది. పళ్ళెంలో కృష్ణ ఇసుక పోసి, నా చూపుడువేలు తన గుప్పిట్లో పట్టుకుని అక్షరాలు దిద్దించేది. నోరు ఊరుకోకూడదు... వేలు తిరుగుతున్నంతసేపూ "పకు గుడిస్తే పి, పకు కొమ్మిస్తే పు" అని పాడుతూ ఉండాలి. తప్పు రాస్తే కోప్పడేది కాదు. పళ్ళెం ఒకసారి కుదిపేది... నా తప్పు నాకే కనబడకుండా పోయేది.

సాయంత్రం బడి రాజ్యం అత్తది. అంటే నాన్న చెల్లెలు. అప్పుడే టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. పాత క్యాలెండర్లలోంచి బొమ్మలు కత్తిరించి, సబ్బుపెట్టెల అట్టలకు మైదా జిగురుతో అంటించి, కింద మాట రాసేది. పిల్లి, పడవ, తలుపు... గుణింతాల ఊసే లేదు. అట్ట ఇలా చూపించి అలా తీసేసేది. ఆలోపే మాట చెప్పెయ్యాలి.

ఇక వాళ్ళిద్దరి వాదన చూడాలి...

"అక్షరాలు విడివిడిగా నేర్పితే పిల్లకి విసుగమ్మా. మాట దానికి ముందే తెలుసు గదా, ఆ మాటనే చూపించాలి. ట్రైనింగులో అట్లానే చెప్పారు" అనేది అత్త.

"మీ అన్నయ్యకీ నీకూ ఈ ఇసుకలోనే గదే నేర్పింది? రేపు బొమ్మ లేని పుస్తకం చేతికిస్తే, పిల్ల ఏం చూసి చదువుద్ది?" అనేది నాయనమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

నాన్న ఏ పక్షమూ చేరేవాడు కాదు. ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు... తెలివైనవాడు.

నేను మాత్రం ఇద్దరి పక్షమూ. ఏం చెయ్యను, ఇద్దరూ నాకు ప్రాణమే. నాయనమ్మ ఎదురుగా ఉంటే కూడబలుక్కుని చదివేదాన్ని... "పకు గుడిస్తే పి, లకు గుడిస్తే లి, లావత్తిస్తే ల్లి... పిల్లి". అత్త ఎదురుగా ఉంటే ఒక్క గుక్కలో "పిల్లి". ఎవరికి వారు తామే నెగ్గామనుకుని మురిసిపోయేవారు.

ఒకటో తరగతి చివర్లో టీచరుగారు అందరి చేతా చదివించి చూసి, వచ్చినవాళ్ళనే రెండుకి పంపేవారు. ఆ రోజు నాతో బడికి నాయనమ్మా వచ్చింది, అత్తా వచ్చింది. తమ పద్ధతి నెగ్గడం కళ్ళారా చూడాలిగా మరి... కిటికీ అవతల వరండాలో పక్కపక్కనే నిలబడ్డారు.

టీచరుగారు పుస్తకం ఇచ్చి "చదువమ్మా" అన్నారు. మొదటి మాట చూశాను. వచ్చు. నోరు తెరవబోతూ కిటికీ వైపు చూశాను... నాయనమ్మ పెదవులు గుణింతం పలుకుతున్నాయి. అత్త, అట్లా కాదు, ఒక్కసారే అన్నట్టు కంగారుగా తల అడ్డంగా ఊపుతోంది. ఎలా చదివినా ఒకరి ముఖం చిన్నబోతుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మూసేసుకున్నాను.

"అక్షరం ముక్క రాలేదండీ దీనికి. ఇంకో ఏడాది ఒకటిలోనే ఉంచుదాం" అన్నారు టీచరుగారు కిటికీ వైపు తిరిగి, బాధగానే.

ఇంటికొచ్చే దారంతా ఏడుస్తూనే ఉన్నాను. రోజూ నా పక్కన కూర్చునే మేరీ రెండుకి వెళ్ళిపోతుంది... నేను చంటిపిల్లల మధ్య మిగిలిపోతాను. వెనకాల వీళ్ళిద్దరి గొడవ. "నీ అట్టముక్కలే ముంచినయ్" అని నాయనమ్మ, "నీ ఇసుకే" అని అత్త.

ఇన్నాళ్ళూ ఈ వాదనలో ఒక్క మాటా మాట్లాడని మా అమ్మ గుమ్మంలోనే నన్ను ఎత్తుకుంది. ఏం జరిగిందో వెక్కిళ్ళ మధ్య చెప్పాను. అంతా విని, నాయనమ్మతో మెల్లగా అంది. "దానికి చదవడం వచ్చండీ అత్తయ్యా. మీ ఇద్దర్లో ఎవర్ని నొప్పించాలో తెలీక ఊరుకుంది."

నాయనమ్మ చెంగుతో నా ముక్కు తుడిచింది. అత్త లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చింది.

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్ళి, ఇంకొక్కసారి చూడమని టీచరుగారిని బతిమాలారు. నన్ను లోపలికి పంపించి, తాము గేటు బయటే ఆగిపోయారు. అదివరకు ఒకరి మాట ఒకరు వినని మనుషులు... నాకోసం అంత దూరం జరిగారు.

ఈసారి వేరే పాఠం. ఒక్క బొమ్మ కూడా లేదు. ఓ పిల్లి వంటింట్లో దూరి, ఉట్టి మీది పాలకుండ వైపు చూస్తోంది... తర్వాత ఏమైంది? చదువుతూ పోయాను. "చాలమ్మా" అన్నారు టీచరుగారు. ఆపలేదు. ఆవిడ పుస్తకం తీసుకోబోతే గట్టిగా పట్టుకున్నాను... పిల్లి ఇంకా ఎగరనేలేదు మరి.

ఆవిడ నవ్వేసి, కథ పూర్తయ్యేదాకా కూర్చుని, "రెండుకి పంపిస్తాలే" అన్నారు.

గేటు దగ్గరికి పరుగెత్తాను. పాసయ్యానని చెప్పీ చెప్పకముందే ఇద్దరూ ఒక్కసారే అడిగారు... "ఎట్లా చదివావే?"

ఆలోచించాను. నిజంగానే గుర్తు రాలేదు. "ఏమో... పిల్లి పాలు తాగిందో లేదో చూస్తున్నా" అన్నాను.

అత్త, నాయనమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు అత్తకి నవ్వొచ్చింది, తర్వాత నాయనమ్మకీ ఆగలేదు. చెరో చెయ్యీ పట్టుకుని నడిపిస్తూ, "ఇంతకీ తాగిందా?" అంది నాయనమ్మ. ఇల్లు చేరేదాకా ఆ కథంతా చెప్పాను.

ఇప్పుడు మా మనవరాలికి చదువు నేర్పడానికి ఫోనులో ఆటలున్నాయి. శబ్దాలు ముందా, మాటలు ముందా అని తల్లులు గ్రూపుల్లో తెగ వాదించుకుంటున్నారు. చూస్తే నవ్వొస్తుంది... వెంటనే దిగులూ వేస్తుంది. పిల్ల చదవగానే ఎన్ని మార్కులని అడుగుతున్నారు గానీ, కథలో ఏమైందని అడగడానికి ఎవరికీ తీరిక లేదు.

మీకు చదవడం నేర్పిందెవరో, ఎలా నేర్పారో కింద రాయండి... అన్నీ చదువుతాను. చదివి, వెళ్ళి చెప్పుకోవడానికే ఆ ఇద్దరూ లేరు.